పాత ఇల్లు, వెనక పెరడు: మీ ఉత్తరాలకి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైన ఒకటే బెంగ. అమ్మానాన్నలు బతికిన ఇల్లో, తాతల నాటి ఇల్లో చేతికొచ్చింది, గోడలు చెమ్మ పడుతున్నాయి, పెరడు అడివైపోయింది, చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది, ఎక్కడ మొదలెట్టాలో తెలీట్లేదు అని. అందుకే ఈ సంచిక మొత్తం వాటికే ఇచ్చేశా. పాత ఇంటి రిపేర్లతో నాకు చాలా ఏళ్ళ సావాసం, చేసిన తప్పులు కూడా ఉన్నాయి, అవీ చెప్తా. ముందు ఒక్కో ఉత్తరం, దాని కిందే నా జవాబు.

మా నాన్నగారి ఇంట్లో హాలు గోడ కింద నుంచి నడుమెత్తు దాకా చెమ్మ. రెండేళ్ళ కింద పాత గార కొట్టేయించి సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించి వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించాం. ఏడాది తిరక్కుండా పెయింట్ బుడగలొచ్చి పెచ్చులూడింది, ఇప్పుడు చెమ్మ భుజం దాకా ఎక్కింది. మేస్త్రి ఈసారి గోడకి టైల్స్ వేసేద్దాం అసలు కనపడదు అంటున్నాడు. వేయించమంటారా?

వద్దండి. కనపడదు అన్నమాట మాత్రం నిజమే, మీకు కనపడదు, గోడలో మాత్రం ఉంటుంది.

ముందు మీ గోడ ఎలాంటిదో చూద్దాం. పాత గార అన్నారు కాబట్టి అది సున్నంతో కట్టిన గోడ అనుకుంటున్నా. ఇప్పుడు మనం వాడే పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి పేటెంట్ వచ్చిందే 1824లో, జోసెఫ్ ఆస్ప్డిన్ అనే ఇంగ్లండ్ మేస్త్రికి, ఆ తర్వాత కూడా చాలా కాలం ప్రపంచమంతా ఇళ్ళు సున్నంతోనే కట్టుకున్నారు. సున్నం గోడ నీళ్ళని ఆపదు, తీసుకుంటుంది, ఎండ గాలి తగలగానే వదిలేస్తుంది. అందుకే అంత లావుగా కట్టేవాళ్ళు. దాని మీద మీరు గట్టి సిమెంట్ పూత పూసి పైన ప్లాస్టిక్ లాంటి పెయింట్ వేస్తే ఆ నీళ్ళు బయటికి పోయే దారి మూసుకుపోయినట్టే. కింద నుంచి పీల్చడం ఆగలేదు, వదలడం ఆగింది. ఇక ఆ నీళ్ళు ఏం చేస్తాయి, దారి దొరికేదాకా పైకెక్కుతాయి. నడుమెత్తు చెమ్మ భుజానికి ఎక్కిందంటే కారణం అదే. మట్టిలో ఉప్పులు కూడా ఆ నీళ్ళతోనే వస్తాయి, నీరు ఆరాక ఆ ఉప్పు గడ్డకట్టి ఉబ్బుతుంది, పెయింట్‌ని లోపల్నుంచి తన్నేస్తుంది. మీరు చూసే తెల్లటి పొడి, బుడగలు, పెచ్చులు అంతా దాని పనే.

నేనూ ఇదే చేశా. మా అమ్మ గదిలో గోడకి భుజమెత్తు దాకా సిమెంట్ వేయించి, ఆరునెలలు గోడ పొడిగా ఉంటే ఎంత సంబరపడ్డానో. రెండో ఏడు తలుపు తెరుస్తుంటే ద్వారబంధం కింద భాగం చేతికి మెత్తగా తగిలింది, గోరు పెడితే దిగిపోయింది. గోడలో నీళ్ళకి దొరికిన దారి ఆ కర్ర. మూడు తరాలు నిలబడ్డ ద్వారబంధం, నా తొందరకి పోయింది. ఇప్పటికీ ఆ గదిలోకి వెళ్తే ముందు కళ్ళు అటే పోతాయి.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తా. మంచి వాన పడేరోజు గొడుగేసుకుని ఇంటి చుట్టూ ఓ గంట తిరగండి. నిజంగా గంట, ఊరికే చెప్పట్లేదు. చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి, పడ్డవి గోడవైపు వస్తున్నాయా దూరంగా పోతున్నాయా, పైపు ఎక్కడ పగిలింది, ఎక్కడ నిలవుంటున్నాయి అని చూడండి. వంద చదరపు మీటర్ల కప్పు మీద పది మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్ల నీళ్ళు, అవన్నీ రెండు మూడు చోట్ల నుంచే కిందకి దిగుతాయి, ఆ రెండు మూడు చోట్లు మీ గోడ పక్కనే అయితే ఇంకేం పెయింట్ వేసి ఏం లాభం.

తర్వాత బయట నేల ఎత్తు చూడండి. పాత ఇళ్ళల్లో నేను ఎక్కువగా చూసే జబ్బు ఇదే. ఏళ్ళ తరబడి పెరట్లో మట్టి పోసి, దాని మీద ఓసారి గచ్చు చేసి, దాని మీద మళ్ళీ బండలు వేసి, చివరికి బయట నేల లోపలి నేల కన్నా ఎత్తైపోతుంది. గోడ పక్కన బయటి నేల లోపలి నేల కన్నా కనీసం పదిహేను సెంటీమీటర్లు కిందకుండాలి. లేకపోతే తవ్వి తీసేయించండి. గోడకి ఆనుకుని పూలమొక్కల పాదులుంటే అవి రోజూ మీరే గోడకి నీళ్ళు పోస్తున్నట్టు, వాటిని రెండు మూడు అడుగులు జరపండి.

చెమ్మ నిజంగా గోడలోదేనా, గదిలో గాలాడక పైన పట్టిందా అని డౌట్ ఉంటే ఓ చిన్న పరీక్ష ఉంది. అరచేతికి రెండింతలు ఉండే అల్యూమినియం ఫాయిల్ ముక్క తీసుకుని నాలుగువైపులా టేప్‌తో గోడకి గాలి పోకుండా అంటించి రెండ్రోజులు వదిలేయండి. గదివైపు తడి పడితే గాలిలోని తేమ, కిటికీలు తెరవండి చాలు. ఫాయిల్ వెనకవైపు తడిస్తే నీరు గోడలోంచే వస్తోంది.

నీటి దారి మళ్ళించాక ఆ సిమెంట్ పూత కొట్టేయించి గోడని ఊరికే వదిలేయండి. ఇక్కడే అందరికీ ఓపిక పోతుంది. గోడ ఒక అంగుళం మందం ఆరడానికి దాదాపు నెల అని లెక్క. లావు గోడైతే ఓ ఏడాది అనుకోండి. పైకి వచ్చే ఉప్పుని పొడి బ్రష్‌తో దులపండి, కడగొద్దు, కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. ఆరాక సున్నం పని తెలిసిన మనిషిని వెతికి సున్నం గార, పైన వెల్ల. ఆ పూత మొదటి రోజులు తడిపి నీడలో ఉంచాలి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని తీసుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. కాల్చిన సున్నం నీళ్ళల్లో వేస్తే సలసలా మరుగుతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్ళద్దాలు గ్లౌజులు లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వొద్దు, పిల్లల్ని అసలే వద్దు.

ఒకవేళ మీ గోడ మొదట్నుంచీ సిమెంట్‌తో కట్టిందే అయితే ఈ సున్నం కథ మీకు వర్తించదు, కానీ గొడుగేసుకుని తిరిగే పని మాత్రం మీకూ ఉంది.

మా తాతయ్య నాటిన పెద్ద చెట్టు ఇంటికి పన్నెండడుగుల దూరంలో ఉంది. వెనక గది గోడకి ఈమధ్య ఏటవాలుగా బీట వచ్చింది. చెట్టు వేళ్ళు పునాదిని లేపేస్తున్నాయి కొట్టేయండి అని చుట్టుపక్కలవాళ్ళంతా అంటున్నారు. అమ్మ ఒప్పుకోవట్లేదు, రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు. ఏం చేయాలి?

అమ్మగారికి ముందు చెప్పండి, రేపే కొట్టేయాల్సిన పని లేదని.

వేళ్ళు పాములా వెళ్ళి ఇంటిని ఎత్తేస్తాయి అనేది చాలామంది నమ్మకం. చెట్టు వేళ్ళల్లో ఎక్కువ భాగం నేల పైపొరలో, అరవై సెంటీమీటర్ల లోతు లోపలే ఉంటాయి, లోతుకి పోవు, పక్కలకి పోతాయి, కొమ్మల గొడుగు ఎంత ఉందో దానికి రెండు మూడింతల దూరం కూడా పోతాయి. అవి లావెక్కేటప్పుడు బండల్ని, తేలికపాటి ప్రహరీని లేపగలవు, ఇంటి బరువుని లేపడం అరుదు. అసలు ప్రమాదం వేరే. నేల బంకమట్టి అయితే, అంటే ఎండాకాలం నెర్రెలిచ్చి వానకి ఉబ్బే మట్టి, చెట్టు దాన్లో నీళ్ళు తాగేసినప్పుడు మట్టి కుంగుతుంది, ఆ మూల పునాది దిగుతుంది, గోడకి బీట వస్తుంది. ఇసక నేలైతే ఈ సమస్య దాదాపు ఉండదు. కాబట్టి మీ మట్టి ఏదో ముందు చూసుకోండి, తడిమట్టి పిడికిట్లో తీసుకుని పాములా చేస్తే విరక్కుండా సాగితే బంకమట్టి.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలీదు. బంకమట్టి మీద ఏళ్ళుగా ఉన్న పెద్ద చెట్టుని ఒక్కసారిగా కొట్టేస్తే, అన్నాళ్ళు అది తాగిన నీళ్ళు ఇక తాగేవాళ్ళు లేక మట్టి మళ్ళీ ఉబ్బడం మొదలెడుతుంది, ఏళ్ళపాటు ఉబ్బుతుంది, అప్పుడు ఇల్లు పైకి లేస్తుంది. కుంగడం కన్నా ఇది అధ్వాన్నం కావచ్చు. చెట్టు కొట్టేస్తే గొడవ తీరిపోతుంది అనుకున్నవాళ్ళకి కొత్త బీటలు వచ్చేది అందుకే.

బీట సంగతి ఇలా చూడండి. పెన్సిల్‌తో బీట రెండు చివర్లా అడ్డగీత గీసి పక్కన తేదీ రాయండి, మధ్యలో రెండు మూడు చోట్ల వెడల్పు స్కేలుతో కొలిచి గోడ మీదే రాసేయండి, నెలకోసారి కొలవండి. ఎండలకి పెరిగి వానలకి మూసుకుంటుంటే మట్టి ఆటే. ఏడాదంతా ఒకేలా ఉంటే పాత బీట, అది ఎప్పుడో ఆగిపోయింది. ఐదు మిల్లీమీటర్ల లోపు ఉన్నంతవరకు మామూలుగా పూడ్చుకునే పనే. అంతకన్నా వెడల్పైనా, నెలనెలా పెరుగుతున్నా, తలుపులు కిటికీలు బిగుసుకుపోతున్నా ఇంక కొలుస్తూ కూర్చోకండి, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి. మేస్త్రి కాదు, ఇంజినీర్. మర్చిపోకుండా ఆ పక్కనున్న డ్రైనేజీ పైపు కూడా చూపించండి. పగిలిన పైపులోంచి కారే నీళ్ళు పునాది కింద మట్టిని మెత్తగా చేస్తాయి, వేళ్ళు కూడా ఆ తడికే అటు వస్తాయి, పగులు ముందు, వేరు తర్వాత. కానీ నింద మాత్రం చెట్టుకే.

కొమ్మలు తగ్గించమని ఇంజినీర్ అంటే సంతోషంగా తగ్గించండి, కానీ గొడ్డలి పట్టుకొచ్చి మొండెం చేసేవాళ్ళతో కాదు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లని నిలువునా కోసి చూసి చెప్పిందేంటంటే, మన ఒంటికి గాయం మానినట్టు చెట్టుకి మానదు, గాయం చుట్టూ లోపల గోడ కట్టుకుని కుళ్ళు ముందుకి పోకుండా ఆపుకుంటుంది. కొమ్మ మానులో కలిసేచోట ఓ ఉబ్బెత్తు మెడ ఉంటుంది, ఆ గోడ కట్టేది అక్కడే. దాన్ని కోయకూడదు, దానికి బయటగా కోయాలి, అలాగని అడుగు పొడవు మోడు కూడా వదలకూడదు. బరువైన కొమ్మైతే ముందు ఓ అడుగు దూరంలో కింద నుంచి కొంచెం కోత పెట్టి, దానికి కాస్త అవతల పై నుంచి కోసి బరువు దింపేసి, ఆఖరికి మెడ దగ్గర శుభ్రంగా కోయాలి, లేకపోతే కొమ్మ విరిగేటప్పుడు బెరడు చీరుకుంటూ మాను మీదకి దిగుతుంది. కోసినచోట తారు, పెయింట్ పూయడం పాత అలవాటు, కుళ్ళు ఆపదని తేలింది, వదిలేయండి. ఒక ఏడాదిలో పచ్చటి కొమ్మల్లో పావు వంతు కన్నా ఎక్కువ తీయొద్దు, ముసలి చెట్టుకి ఇంకా తక్కువ.

అమ్మగారిని చెట్టు కిందే కూర్చోపెట్టి ఈ మాటలన్నీ చదివి వినిపించండి.

ఇంట్లో వైరింగ్ నలభై ఏళ్ళది. అప్పుడప్పుడు స్విచ్ దగ్గర కాలిన వాసన. ఇల్లంతా మార్చాలా, ఆ స్విచ్ మారిస్తే చాలా?

ఈ పేజీ చదవడం ఆపి ఆ లైన్ మెయిన్ దగ్గర ఆపేయండి. తర్వాత మిగతాది చదవండి.

ఇల్లంతా మార్చాలి. పాత రబ్బరు తొడుగు వైర్లయితే ఆ రబ్బరు ఎండి పొడైపోతుంది, ముట్టుకుంటే రాలుతుంది, లోపలి రాగి తీగ గోడలోనే బయటపడుతుంది. ప్లాస్టిక్ తొడుగున్నా, అప్పుడు రెండు ఫ్యాన్లు నాలుగు బల్బులకి వేసిన సన్నటి వైరు మీద ఇప్పుడు ఏసీ, గీజరు, ఫ్రిజ్ నడుస్తున్నాయి, వేడెక్కక ఏం చేస్తుంది. కొత్తది వేయించేటప్పుడు ఎర్తింగ్ ప్రతి ప్లగ్గుకీ వచ్చిందో లేదో మీటర్ పెట్టించి చూడండి, ముప్ఫై మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించండి, అంత చిన్న కరెంట్ మనిషిలోంచి నేలకి పోయినా రెప్పపాటులో సప్లై కట్ చేసేది అదే. చెమ్మ గోడలున్న పాత ఇంట్లో డబ్బు ఒక్కదానికే ఉంటే నేను దీనికే పెడతా, గోడలు ఆగుతాయి.

తలుపులకీ దూలాలకీ చెదలు పట్టాయి. మందు కొట్టిస్తే ఆర్నెల్లకి మళ్ళీ వస్తున్నాయి.

చెదలో, పుచ్చు పురుగో ముందు తేల్చుకోండి. గోడ మీద పెన్సిల్ లావు మట్టి దారులుంటే నేలలోంచి వచ్చే చెదలు. పిండి లాంటి పొడి, సూది బెజ్జాలు ఉంటే పుచ్చు పురుగు, దానికి మందు వేరు. గసగసాల కన్నా కాస్త పెద్దగా గింజల్లాంటి రవ్వ కుప్పగా రాలుతుంటే అవి కర్రలోనే కాపురముండే పొడి చెదలు, వాటికి నేలతో పనే లేదు.

నేల చెదలైతే వాటికి రెండు కావాలి, మట్టితో తగులు, తడి. మీరు పైన మందు కొట్టిస్తున్నారు, కింద తడి అలాగే ఉంది, అందుకే మళ్ళీ వస్తున్నాయి. పెరట్లో గోడకి ఆనించి పేర్చిన కట్టెలు, పాత చెక్కలు, మట్టిలోకి దిగిన గుంజలు అన్నీ తీసేయండి, కారే కొళాయి బాగుచేయించండి, మందు కొట్టేవాళ్ళు గోడ చుట్టూ నేలలోకి ఇంకేలా కొడుతున్నారా, లేక కనపడే చోట స్ప్రే చేసి వెళ్ళిపోతున్నారా చూడండి. తర్వాత ఓ మట్టిదారిని రెండంగుళాలు మాత్రం చెరిపి వారం ఆగి చూడండి, మళ్ళీ కట్టుకుంటే ఇంకా ఉన్నట్టే. దూలాన్ని సుత్తితో తట్టుకుంటూ పోండి, డొల్ల శబ్దం వచ్చినచోట స్క్రూడ్రైవర్ గుచ్చండి. పాత కర్ర చాలా గట్టిది, పైన అంగుళం పోయినా లోపల గుండె బాగానే ఉండొచ్చు, మొత్తం దూలం మార్చాల్సిందే అని ఎవరన్నా గుచ్చి చూడకుండా అంటే ఇంకొకరిని అడగండి. గోడలో దూరిన చివర మాత్రం తప్పకుండా చూడాలి, కుళ్ళడం అక్కడే మొదలవుతుంది.

మా చిన్నప్పటి తలుపులు కిటికీల మీద పొరలు పొరలుగా పెయింట్ ఉంది. గీకించి కర్ర రంగు తెప్పిద్దామని. పిల్లలున్నారు, పర్లేదా?

పొడిగా గీకొద్దు, మెషిన్‌తో అసలు రుద్దొద్దు. పాత ఆయిల్ పెయింట్లలో సీసం కలిపేవాళ్ళు, అమెరికాలో ఇళ్ళకి వాడే పెయింట్లో దాన్ని నిషేధించిందే 1978లో, చాలా దేశాల్లో ఇంకా ఆలస్యంగా వచ్చింది. ఆ పొడి నేల మీద పడితే పాకే పిల్లల చేతుల్లోంచి నోట్లోకి పోతుంది, మెదడు మీద పనిచేస్తుంది, ఇంత వరకు ఫర్వాలేదు అని చెప్పే లెక్కే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పెయింట్ గట్టిగా పట్టుకునే ఉంటే దాని మీదే కొత్తది వేసేయండి. తీయాల్సిందే అయితే ముందు ల్యాబ్‌లో టెస్ట్ చేయించి, సీసం ఉంటే తలుపుని ఇంట్లోంచి బయటికి తీసుకెళ్ళి, తడిపి తడిపి తీయాలి, మాస్కు మంచిది ఉండాలి, పిల్లలు, గర్భిణీలు ఆ రోజుల్లో ఇంట్లో ఉండొద్దు. కర్ర రంగు కోసం ఆ రిస్క్ నేనైతే తీసుకోను.

ఇల్లు నాలుగేళ్ళు తాళం వేసి ఉంది. పెరడు అడివిలా అయింది. మెషిన్ పెట్టి మొత్తం చదును చేయించి లాన్ వేద్దామని మావారు. మా అత్తగారు వేసిన మొక్కలు ఏవున్నాయో కూడా తెలీదు. మీరేమంటారు?

చదును చేయించొద్దమ్మా, ప్లీజ్. మీ ఉత్తరంలో ఆఖరి వాక్యమే దానికి కారణం.

ఓ ఏడాది టైమ్ ఇవ్వండి. నడవడానికి దారి, పాములు దాక్కోకుండా ఇంటి చుట్టూ ఓ ఆరడుగులు శుభ్రం, బావి ఉంటే దానికి గట్టి మూత, అంతే ముందు. మిగతాది చూస్తూ ఉండండి. నేలలో దుంపలు ఉంటాయి, ఏడాదిలో పది నెలలు కనపడవు, తొలి వాన పడ్డ వారానికి మొలుచుకొస్తాయి. ఎండిపోయిందనుకున్న తీగని గోటితో గీకి చూస్తే లోపల పచ్చగా ఉంటుంది. ఓ నోట్‌బుక్ పెట్టుకుని పెరడు బొమ్మ గీసి, ఏ నెలలో ఎక్కడ ఏం పూసింది, మధ్యాహ్నం ఎండ ఎక్కడిదాకా వస్తుంది, వాననీళ్ళు ఎక్కడ నిలుస్తాయి రాసుకోండి. అత్తగారు ఎక్కడ ఏం పెట్టారో నాలుగు కాలాలు తిరిగేసరికి పెరడే చూపిస్తుంది, మీ ఆయన కూడా అప్పటికి లాన్ మాట మర్చిపోవచ్చు.

ఇంకో సంగతి, మెషిన్ బరువుకి మట్టి అణిగిపోతుంది, గాలి నీరు దిగే సందులు మూసుకుపోతాయి, ఏళ్ళ తరబడి ఆకులు రాలి తయారైన పైమన్నుని గంటలో కిందా మీదా చేసేస్తారు. కలుపు చేత్తో, వానపడ్డ మర్నాడు వేళ్ళతో సహా లాగండి, గింజ కట్టకముందే. రాలిన ఆకులు కాల్చకండి, ఓ మూల కుప్ప వేసి అప్పుడప్పుడు తడిపితే ఏడాది రెండేళ్ళకి నల్లటి ఎరువవుతుంది. చెట్ల పాదుల్లో ఆకు పరవండి, రెండు మూడు అంగుళాల మందం, మానుకి మాత్రం తగలకుండా ఓ జానెడు ఖాళీ వదలండి, మాను మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే బెరడు కుళ్ళుతుంది.

గోడల సందుల్లో, మిద్దె అంచుల్లో రావి, మర్రి మొక్కలు మొలిచుంటాయి చూడండి, పిట్టలు వేసిన గింజలు. వాటిమీద మాత్రం జాలి వద్దు. అలాగని లాగకండి, లాగితే గోడ కూడా వస్తుంది, పైన తుంచితే రెట్టింపు వస్తుంది. మొదలుకి కోసి, కోసిన నిమిషాల్లోనే ఆ మోడు మీద కలుపుమందు బ్రష్‌తో పూసి, వేరు చచ్చి ఎండేదాకా ఆగి, అప్పుడు తీసి ఆ సందు పూడ్చాలి.

అమ్మకి డెబ్భై ఎనిమిది. నాన్న పోయాక ఆ పెద్ద ఇంట్లో ఒక్కతే. మా దగ్గరికి రమ్మంటే రాదు, మొక్కలకి నీళ్ళెవరు పోస్తారు అంటుంది. రోజూ భయంతో చస్తున్నాం. అమ్మని బలవంతంగా తీసుకురావడం తప్పా?

మొక్కలకి నీళ్ళెవరు పోస్తారు అనేది సాకు కాదండి. ఆవిడకి పొద్దున లేవడానికి ఉన్న కారణం అది. మీ ఫ్లాట్‌లో ఆవిడకి మీరందరూ ఉంటారు, పని ఉండదు. యాభై ఏళ్ళు చీకట్లో కూడా తడుముకోకుండా తిరిగిన ఇంట్లోంచి, రాత్రి బాత్రూమ్ ఎటో ఆలోచించుకోవాల్సిన చోటికి తేవడం చిన్న మార్పు కాదు. మీ భయం కూడా చిన్నదేం కాదు, ఒప్పుకుంటా.

కాబట్టి ఆవిడని కదిపేముందు ఇంటిని కదపండి. ప్రపంచం మొత్తం మీద ప్రమాదవశాత్తు చనిపోయేవాళ్ళల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత ఎక్కువమంది పడిపోవడం వల్లే పోతున్నారు, అందులో పెద్దవాళ్ళే ఎక్కువ. పాత ఇంట్లో పడే చోట్లు తెలిసినవే, ఎత్తు గడపలు, నునుపు తేలిన నాపరాళ్ళు, నాచు పట్టిన పెరటి మెట్లు, దూరంగా ఉన్న బాత్రూమ్, చీకటి వసారా. గడపకి రెండువైపులా గరుకు పలక వాలుగా వేయించండి, బాత్రూమ్‌లో గోడకి స్క్రూలతో గట్టిగా బిగించిన కడ్డీలు, మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా మనిషి కదిలితే వెలిగే లైట్లు, మెట్లకి పట్టుకునే రెయిలింగ్. నాచు వారం వారం గీకించండి. పెరట్లో నీళ్ళ పైపు నేల మీద పడుండకూడదు, కాలికి చుట్టుకునేది అదే, మొక్కల మధ్య డ్రిప్ లాగేసి ఆవిడకి ఒక్క కొళాయి తిప్పే పని ఉంచండి. వంగక్కర్లేకుండా నడుమెత్తు కట్టడం మీద నాలుగు కుండీలు పెట్టండి, ఆవిడ చేత్తో నీళ్ళు పోసుకునేవి. మొక్కల పని పూర్తిగా తీసేయొద్దు, అది తీసేస్తే ఆ ఇంట్లో ఉన్నా మీ దగ్గరున్నా ఒకటే.

పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఫోన్, ఎత్తకపోతే వెళ్ళి చూసే పక్కింటి మనిషి, ఆ మనిషి దగ్గర తాళం చెవి. ఇవన్నీ చేశాక కూడా రెండుసార్లు పడితే, మందులు మర్చిపోతుంటే, స్టవ్ ఆపకుండా వదిలేస్తుంటే అప్పుడు కూర్చుని మాట్లాడండి, ఆవిడతో, ఆవిడ గురించి ఆవిడ లేనప్పుడు కాదు. అప్పుడు కూడా తాళం వేసేసి రావొద్దు, ఏ మొక్కలు వెంట వస్తాయో ఆవిడే ఎంచుకునేలా చూడండి.

మా అన్నదమ్ములంతా ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టడానికి ఇచ్చేశారు. నా ఒక్కదాని మాట చెల్లలేదు. ఇంకో మూడు నెలల్లో పడగొడతారు. ఏడవడం తప్ప ఇంకేమన్నా చేయగలనా?

చేయగలవు తల్లీ. ఏడుపు కూడా వస్తుంది, రానీ.

ఇంటిని కొలువు. టేప్ పట్టుకుని ఒక్కో గది పొడవు వెడల్పు ఎత్తు, తలుపులు కిటికీలు ఎక్కడ, గోడ మందం ఎంత, కాగితం మీద గీసి పెట్టు. ఫొటోలు అందరూ తీస్తారు, కొలతలు ఎవరూ తీయరు, ఇరవై ఏళ్ళ తర్వాత ఆ వంటగది నిజంగా అంత పెద్దదా, మనం చిన్నగా ఉండి అలా అనిపించిందా అని మీ అన్నదమ్ములే నీకు ఫోన్ చేసి అడుగుతారు. ఫొటోలు కూడా గది నాలుగు మూలల నుంచీ తియ్యి, అదే చోట నుంచి పొద్దున, సాయంత్రం. ఆ తలుపు చప్పుడు, బావి గిలక చప్పుడు, మిద్దె మెట్లెక్కేటప్పుడు అడుగుల చప్పుడు రికార్డ్ చేసుకో. ఇంట్లో పుట్టి పెరిగిన పెద్దవాళ్ళని ఒక్కొక్కళ్ళనే ఆయా గదుల్లో నిలబెట్టి మాట్లాడించు, బయట కుర్చీలో కూర్చుంటే గుర్తురానివి ఆ గుమ్మంలో నిలబడితే గుర్తొస్తాయి.

బిల్డర్‌తో మాట్లాడి పడగొట్టే ముందే తలుపులు, కిటికీలు, దూలాలు, స్తంభాలు విప్పి తీయించు. సున్నంతో కట్టిన గోడైతే ఇటుకలు కూడా విడిగా వచ్చేస్తాయి, సున్నం మెత్తన కాబట్టి గీకితే పోతుంది, సిమెంట్ గోడల్లో ఇటుక పగులుతుంది కానీ సిమెంట్ వదలదు. ఇది బాధ కోసం చెప్పే మాట కాదు, ప్రపంచంలో మనుషులు గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం ఒక్క సిమెంట్ తయారీ నుంచే వస్తుంది, ఉన్న ఇటుక ఉన్న కర్ర మళ్ళీ వాడితే అంత కొత్తది అక్కర్లేదు. ప్లాన్‌లో ఓ మూల మిగులుతుంటే పెద్ద చెట్టు ఒక్కటైనా ఉంచమని గట్టిగా అడుగు. ఉంచుతామని ఒప్పుకుంటే అంతటితో వదిలేయకు. ఛాతీ ఎత్తులో మాను అడ్డం కొలువు, దానికి పన్నెండు రెట్ల దూరం చుట్టూ కంచె వేయించు, అంటే మాను అర మీటరు లావుంటే ఆరు మీటర్లు. ఆ లోపల తవ్వకూడదు, లారీ తిరగకూడదు, ఇసక కుప్ప పోయకూడదు, మట్టి ఎత్తు పెంచకూడదు. ఇవేం చేయకపోతే చెట్టుని ఉంచారు అంటారు, రెండు మూడేళ్ళలో అది నిలువునా ఎండిపోతుంది.

ఉంచడం కుదరని చెట్లకి గాలి అంటు కట్టు, అంటే కొమ్మకి చెట్టు మీదే వేళ్ళు తెప్పించి, తర్వాత కోసి కుండీలో పెట్టుకోవడం. పెన్సిల్ కన్నా కాస్త లావున్న, నిరుటి కొమ్మ ఎంచుకుని, అంగుళం వెడల్పున చుట్టూ బెరడు ఉంగరంలా తీసేసి, లోపల జిగురు పొర పోయేలా గీకి, తడిపి పిండిన నాచు (మెట్ల మీద పట్టేది కాదు, స్ఫాగ్నమ్ మాస్ అనేది) లేదా కొబ్బరి పొట్టు గుప్పెడు దాని చుట్టూ పెట్టి ప్లాస్టిక్ కవర్‌తో రెండు చివర్లా బిగించి కట్టాలి. అన్ని చెట్లకీ రాదు, అందుకే ఒక్కో చెట్టుకి నాలుగైదు కొమ్మలకి కట్టు. తీగలకి, పూలమొక్కలకి అయితే కొమ్మ కత్తిరించి గుచ్చితే చాలు, దుంపలు తవ్వుకో, గింజలు నీడలో ఆరబెట్టి కాగితం పొట్లాల్లో పేరు తేదీ రాసి పెట్టుకో. పైమన్ను రెండు బస్తాలు నింపుకో, అంట్లు కుండీలో పెట్టేటప్పుడు అదే మన్ను వాడొచ్చు.

అంటుకి వేళ్ళు రావడానికి నెలన్నర, ఒక్కోసారి మూడు నెలలు కూడా పడుతుంది. నీకున్నది మూడు నెలలే, కాబట్టి ఈ ఆదివారమే వెళ్ళు, ముందు అంట్లు కట్టెయ్యి, కొలతలు తర్వాత.